చిప్పులకు చలువ

ఈ లోకంలో నిజమైన ప్రేమ ఇంకా మిగిలి ఉందంటే, అది పాత ఆర్కేడ్ గేమ్ బోర్డుల మీద అల్యూమినియం ముక్కలు అతికించేవాళ్ళ దగ్గరే ఉంది. తక్కిన మనమంతా ఏదో మొహమాటానికి ప్రేమిస్తున్నాం.

నమ్మరా? మీ ఇంట్లో పిల్లకు జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేస్తారు. జ్వరం దిగగానే తీసేస్తారు. అదీ ఒక ప్రేమేనా? జ్వరం రాకముందే వేసి, జన్మలో ఊడకుండా జిగురు పెట్టి అతికించారా ఎప్పుడైనా? పెద్దవాళ్ళు "నూరేళ్ళు చల్లగా ఉండు" అని నోటితో దీవించి ఊరుకుంటారు. ఆ దీవెనను టేపు వేసి మరీ అతికించే మహానుభావులు ఒసాకాలో ఉన్నారు.

నిప్పోన్‌బాషిలో, కరెంటు సామాన్ల కొట్లుండే వీధిలో, ఒక కాఫీ హోటల్ మేడ మీద 'శీతల బోర్డుల సంఘం' నెలకోసారి సమావేశమవుతుంది. సభ్యులందరూ నడివయసు దాటిన మగవాళ్ళు. చిన్నప్పుడు తాము నాణేలు వేసి ఆడుకున్న గేమ్ యంత్రాల్లోంచి బయటపడ్డ బోర్డులను కొని దాచుకున్నవాళ్ళు. బోర్డంటే ఏముంది, ఒక ఆకుపచ్చ పలక, దాని మీద బారులు తీరిన నల్ల చిప్పులు. ఆట మొత్తం అందులోనే ఉంటుంది. యంత్రమనేది దానికి తొడిగిన చెక్క చొక్కా, అంతే.

ఇప్పుడు, కంప్యూటర్ మూత విప్పి చూసినవాళ్ళు ఒకటి గమనించే ఉంటారు. లోపల పెద్ద చిప్పు మీద దువ్వెనలాగా పళ్ళున్న లోహపు ముక్క ఒకటి కూర్చుని ఉంటుంది. దాని పేరు హీట్‌సింక్. చిప్పులో పుట్టే వేడిని లాగి గాలిలోకి వదలడం దాని పని. పాత గేమ్ బోర్డులు తయారుచేసినవాళ్ళు ఇవి పెట్టలేదు. అవసరం లేదనుకున్నారు. ఎంత నిర్దయ! ఆ నిర్దయను సరిదిద్దడానికే సంఘం పుట్టింది.

సంఘం సిద్ధాంతం సులువైనది. చిప్పు మీద వేలు పెట్టు. చురుక్కుమంటే హీట్‌సింక్ అతికించు. చురుక్కుమనకపోతే, రేపెప్పుడైనా చురుక్కుమనొచ్చు గనక ఇవాళే అతికించు. ఇంతకంటే లోపంలేని సిద్ధాంతం మీరెక్కడైనా విన్నారా?

అలాగని సంఘంలో భిన్నాభిప్రాయాలకు తావులేదనుకునేరు. రాగి ముక్కలవాళ్ళు అల్యూమినియం ముక్కలవాళ్ళ పక్కన కూర్చోరు. నల్లరంగు ముక్క వేడిని బాగా వదులుతుందనే నలుగురు, నీలం రంగు ముక్క చూడ్డానికి బాగుంటుందనే నలుగురితో మాటలు మానేశారు. జిగురువాళ్ళు టేపువాళ్ళను చూసి, పాపం, పెళ్ళి చేసుకోకుండా కలిసి కాపురముంటున్నారన్నట్టు నవ్వుతారు. వీళ్ళందరినీ ఒక్కతాటి మీద నడిపించే అధ్యక్షుడు ఇసోగై గారు. ఆయనను అందరూ సెన్సేయి, అంటే గురువుగారు, అని పిలుస్తారు. కింది వీధిలో ఆయనకు ఒక కొట్టుంది. సంఘం ఆమోదించిన హీట్‌సింకులు ఆ ఒక్క కొట్టులోనే దొరకడం కేవలం కాకతాళీయం.

ఈ సంఘానికి మకుటాయమానమైన సభ్యుడు కురామోచి యసునారి.

కురామోచి బీమా కంపెనీలో ఉద్యోగి. ఎక్కడ ఏం చెడు జరగొచ్చో ముందుగా ఊహించి చెప్పడానికి ఆయనకు జీతమిస్తారు. కొందరు ఆఫీసు పనిని ఆఫీసులో వదిలేసి ఇంటికొస్తారు. ఆయన అలాంటి బాధ్యత లేని మనిషి కాడు. ఇంట్లో మేజా అంచులకు రబ్బరు తొడుగులుంటాయి. పిల్లలు లేరు. మేజాకే ఏమైనా అవుతుందేమోనని. బయట ఎండ కాస్తుంటే సంచిలో ఒక గొడుగు ఉంటుంది, మబ్బు పడితే రెండు. భార్య సుమిఎ ఈ విషయాల గురించి ఎవరితోనూ మాట్లాడదు. పుట్టింటికి వెళ్ళినప్పుడు మాత్రం కొంచెం ఎక్కువసేపు నవ్వుతుంది.

ఆయన బీరువాలో 'సుడిగాలి దళం' అనే ఆట బోర్డుంది. రెండు విమానాలు పక్కపక్కనే ఎగురుతూ శత్రువులను కూల్చుకుంటూ పోయే ఆట. బడి రోజుల్లో తెంగాచాయా బజారులో, స్నేహితుడు బెస్షో వాళ్ళమ్మ నడిపే గేమ్ సెంటర్లో, ఇద్దరూ భుజం భుజం ఆనించి ఆడిన ఆట. పెద్దయ్యాక అదే ఆట బోర్డు ఇంకొకటి అమ్మకానికి కనిపిస్తే కురామోచికి కళ్ళు చెమ్మగిల్లాయి. కొన్నాడు. ఇంటికి తెచ్చాడు. ఒక్క చిప్పూ వదలకుండా హీట్‌సింకులు అతికించాడు. ఆదివారాలు నూలు చేతితొడుగులు వేసుకుని బయటికి తీస్తాడు, తుపాకీలాంటి థర్మామీటరు గురిపెట్టి ఒక్కొక్క చిప్పు వేడీ చూస్తాడు, మళ్ళీ సంచిలో చుట్టి లోపల పెడతాడు. సంఘం మొత్తంలోకీ చల్లని బోర్డు ఆయనదేనని తేలింది. దానికొక జ్ఞాపిక కూడా ఇచ్చారు. దాని మీద కూడా చిన్న హీట్‌సింక్ ఉంది.

ఇంతటి ప్రేమ ఒక్క బోర్డుతో ఆగుతుందా?

జూలైలో ఒక మధ్యాహ్నం ఆయన బెస్షో గేమ్ సెంటర్‌కు వెళ్ళాడు. తల్లి పోయాక బెస్షోనే దాన్ని నడుపుతున్నాడు. బజారులో సగం కొట్లు షట్టర్లు దించేసి చాన్నాళ్ళయింది. పైకప్పున్న వీధి కావడంతో లోపలికి ఎండ రాదు, వేడి మాత్రం వచ్చి కూర్చుంటుంది. సెంటర్లో ఉన్న పాత యంత్రాల్లో జనాన్ని రప్పించేది ఆ 'సుడిగాలి దళం' ఒక్కటే. దాని ముందు, ఎప్పటిలాగే, హత్సుయో కూర్చుని ఉంది.

హత్సుయోది మూడు కొట్ల అవతల క్యాబేజీ అట్ల దుకాణం. డెబ్బై దాటిన మనిషి. బజారులో అందరికీ ఒబాచాన్, అంటే మన పిన్నీ అత్తయ్యా లాంటి వరస. మధ్యాహ్నం బేరం తగ్గి పొయ్యి ఆర్పాక, సాయంత్రం మళ్ళీ వెలిగించేలోపల ఆవిడ ఈ ఆట ఆడుతుంది. సాస్ మరకల ఏప్రన్ కూడా విప్పదు. ఆవిడ నాలుగో స్టేజీ దాటిందంటే చేపల కొట్టువాడు, చెప్పులు కుట్టేవాడు, మందుల షాపు అమ్మాయి వచ్చి వెనక నిలబడతారు. నిలబడ్డవాళ్ళు ఊరికే నిలబడరు గదా, పక్క యంత్రంలో ఒక నాణెం వేస్తారు. బెస్షో వ్యాపారమంతా ఆ వెనక నిలబడ్డ జనమే.

ఆ రోజు నాణెం ఇరుక్కుంటే బెస్షో యంత్రం వెనక తలుపు తెరిచాడు. కురామోచి ఊరుకోలేకపోయాడు. చెయ్యి లోపలికి పెట్టి అన్నిటికంటే పెద్ద చిప్పు మీద వేలు ఆనించాడు.

"ఒరేయ్ బెస్షో, ఇది ఉడికిపోతోందిరా."

"జూలై నెలరా కురా. నేనూ ఉడికిపోతున్నా. నాకూ ఒక ముక్క అతికిస్తావా ఏంటి?"

"నవ్వులాట కాదు. ఈ చిప్పు ఇప్పుడు భూమ్మీద ఎవరూ తయారుచెయ్యట్లేదు. పోయిందంటే ఏం చేస్తావ్?"

"మా అమ్మ ఉన్నప్పుడూ ఇంతే వేడిగా ఉండేది. మా అమ్మే పోయింది గానీ అది పోలేదు."

"అదే చెప్తున్నా. ఇన్నాళ్ళూ పోలేదంటే, ఇక పోవడానికి దగ్గరపడిందని."

ముందువైపు నుంచి ఒబాచాన్ గొంతు వినిపించింది. "ఆ తలుపు మూస్తారా లేదా? వెనకనుంచి వెలుతురు పడి నాకు తూటాలు కనపడట్లేదు. మీ చర్చేదో బయట పెట్టుకోండి నాయనా."

తలుపు మూశారు. కానీ కురామోచి మనసులో తలుపు తెరుచుకునే ఉంది. ఆ రాత్రి ఆయనకు నిద్రపట్టలేదు. తెల్లవారి బెస్షోకు ఫోన్ చేశాడు. ఆ సాయంత్రం మళ్ళీ చేశాడు. రోజూ చేశాడు. చిప్పులు వేడికి ఎలా చస్తాయో, చచ్చేముందు ఏ లక్షణాలు చూపిస్తాయో, ఒక్కోసారి ఏ లక్షణమూ చూపించకుండా ఎంత కుట్రగా చస్తాయో వివరించాడు. బీమా కంపెనీలో ఇంత కష్టపడి ఉంటే ఈపాటికి మేనేజరయ్యేవాడు.

చివరికి బెస్షో చేతులెత్తేశాడు. "తీసుకుపోరా బాబూ. నీ ఫోన్లతో పోలిస్తే ఆ చిప్పే చల్లగా ఉంది. సోమవారం మధ్యాహ్నానికి మాత్రం తెచ్చెయ్. లేకపోతే ఒబాచాన్ నన్ను పెనం మీద వేస్తుంది."

ఆదివారం కురామోచి ఇంట్లో పండగ. భోజనాల బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి బోర్డును పడుకోబెట్టాడు. స్పిరిట్‌తో ప్రతి చిప్పూ తుడిచాడు. రెండువైపులా అంటుకునే టేపు కొలిచి కత్తిరించాడు. ఒక్కో హీట్‌సింక్ పెట్టి, వేలితో నొక్కి, ఊపిరి బిగబట్టి, వదిలాడు. వేడెక్కే చిప్పులయ్యాయి. వేడెక్కని చిప్పులయ్యాయి. చిప్పు లేకుండా ఖాళీగా ఉన్న చోట్లు రెండు కనిపిస్తే, వాటి మొహం చూసి జాలేసి, అక్కడా అతికించాడు. అన్నిటికంటే పెద్ద చిప్పుకు మాత్రం టేపు వాడలేదు. స్నేహితుడి బోర్డు కదా. జిగురు పెట్టాడు, ఒకసారి ఆరితే మనిషి ప్రయత్నంతో ఊడని రకం.

సుమిఎ వంటింటి గట్టు దగ్గరే నిలబడి అన్నం తింటూ చూసింది. "ఇన్ని దువ్వెనలు ఎందుకండీ దీనికి? జుట్టు కూడా లేదు."

ఆయన నవ్వలేదు. పూజ మధ్యలో మాట్లాడేవాళ్ళను చూసి ఎవరైనా నవ్వుతారా?

సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టి బోర్డును ఒళ్ళో పెట్టుకుని రైల్లో తీసుకెళ్ళాడు. బెస్షో చూసి, "ఇదేంట్రా, ముళ్ళపందిని తెచ్చావ్" అన్నాడు. ఇద్దరూ కలిసి యంత్రంలో బిగించారు. యంత్రం లోపల బోర్డు పడుకోదు. గోడకు క్యాలెండర్ వేలాడినట్టు నిలువుగా ఉంటుంది. ఈ చిన్న సంగతి సంఘంలో ఎన్నడూ చర్చకు రాలేదు. అక్కడ బోర్డులన్నీ బల్ల మీద పడుకునే ఉంటాయి.

ఒబాచాన్ వచ్చింది. ఏప్రన్‌కు చేతులు తుడుచుకుని కూర్చుంది. నాణెం వేసింది. మొదటి స్టేజీ, రెండోది, మూడోది. చేపల కొట్టువాడు వచ్చాడు. చెప్పులు కుట్టేవాడు వచ్చాడు. కురామోచి అందరికంటే వెనక, చేతులు కట్టుకుని, పిల్ల పెళ్ళి చేస్తున్న తండ్రిలా నిలబడ్డాడు. నాలుగో స్టేజీలో పెద్ద యుద్ధనౌక కనిపించింది. అప్పుడు యంత్రం లోపల టిక్ మని చిన్న చప్పుడైంది.

ఏదో ఊడి పడ్డ చప్పుడు. ఎవరూ పట్టించుకోలేదు. మరుక్షణం తెరంతా రంగురంగుల గళ్ళయింది. సంగీతం ఒకే స్వరం మీద నిలబడిపోయి, చెవులు చిల్లులు పడేలా అరిచి, ఆగిపోయింది. తెర నల్లబడింది. కాలిన వాసన వచ్చింది.

తలుపు తెరిచి చూశారు. లోపలి వేడికి టేపు మెత్తబడింది. నిలువుగా ఉన్న బోర్డు మీంచి ఒక హీట్‌సింక్ జారి, కింది చిప్పు కాళ్ళ మీద అడ్డంగా పడింది. పడకూడని చోట లోహం పడితే ఏమవుతుందో అదే అయింది. మరికొన్ని ముక్కలు యంత్రం అడుగున పడి ఉన్నాయి. జిగురు పెట్టిన ముక్క మాత్రం చెక్కు చెదరలేదు. దాని కింద చిప్పు చచ్చిపోయింది గానీ, చాలా చల్లగా ఉంది.

ఒబాచాన్ కేకలేయలేదు. నల్లటి తెర వైపు కాసేపు చూసి, "నా దగ్గర ఇంకా రెండు విమానాలున్నాయి" అంది. లేచి వెళ్ళిపోయింది.

 బెస్షో తిట్టి ఉంటే బాగుండునని కురామోచికి అనిపించింది. బెస్షో కిందపడ్డ ముక్కలు ఏరి, ఆయన చేతిలో పోసి, యంత్రం మీద ఒక గుడ్డ కప్పాడు. వాళ్ళమ్మ ఫొటో ఉన్న గోడ వైపు చూడకుండా లోపలికి వెళ్ళాడు. ఆ తర్వాత కురామోచి ఫోన్ చేస్తే ఎత్తలేదు. చేపల కొట్టువాడి ద్వారా తెలిసింది, ఒబాచాన్ ఇటు రావడం మానేసిందనీ, ఆవిడ రాకపోయేసరికి వెనక నిలబడేవాళ్ళూ రావడం లేదనీ, మధ్యాహ్నం పూట బెస్షో షట్టరు సగానికి దించి కునుకు తీస్తున్నాడనీ.

సంఘం సమావేశం రోజు కురామోచి తల దించుకుని మేడ మెట్లెక్కాడు. జరిగింది దాచకుండా చెప్పాడు. వెలివేస్తారనుకున్నాడు. సంఘాన్ని ఎంత తక్కువ అంచనా వేశాడు!

ఇసోగై సెన్సేయి కళ్ళు మూసుకుని అంతా విని, తీర్పు చెప్పాడు. "ఇందులో హీట్‌సింక్ తప్పు లేదు. భూమ్యాకర్షణ తప్పు."

హమ్మయ్య అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. జిగురువాళ్ళు లేచి, టేపు వాడినందుకే ఇలా అయిందనీ, తాము మొదటినుంచీ చెబుతూనే ఉన్నామనీ గుర్తుచేశారు. టేపువాళ్ళు, అసలు బోర్డును నిలబెట్టడమే అనాగరికమన్నారు. ఇక మీదట సభ్యులెవరూ బోర్డులను నిలువుగా ఉంచరాదని తీర్మానం చేశారు. నీలం రంగు వర్గానికి చెందిన ఒకాయన చెయ్యెత్తి, ఆ బోర్డు ఇప్పుడు ఎంత వేడి ఉందని అడిగాడు.

"గది ఎంత ఉందో అంతే," అన్నాడు కురామోచి.

"చూశారా, తగ్గింది కదా," అన్నాడాయన.

చప్పట్లు కొట్టారు. కురామోచికి మరో జ్ఞాపిక ఇచ్చే ఆలోచన కూడా వచ్చింది గానీ, ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

తిన్నగా తెంగాచాయా వెళ్ళాడు. గేమ్ సెంటర్‌లోకి వెళ్ళే ధైర్యం చాలక ఒబాచాన్ కొట్టులో కూర్చున్నాడు. ఆవిడ ఆయనను చూసింది. ఏం కావాలని అడగలేదు. పెనం మీద పిండి పోసింది, క్యాబేజీ పరిచింది, మీద పంది మాంసం ముక్కలు పేర్చింది.

"క్షమించండి ఒబాచాన్," అన్నాడు.

"దేనికి? యంత్రం చచ్చిపోయినందుకా? చస్తాయి యంత్రాలు. మా ఆయన కూడా చచ్చాడు." అట్టు అంచు ఎత్తి చూసి మళ్ళీ వదిలింది. "బెస్షో చెప్పాడు, నీ దగ్గర కూడా ఆ ఆట ఉందటగా?"

"ఉందండి."

"ఎన్నో స్టేజీ దాకా వెళ్ళావు?"

కురామోచి నీళ్ళ గ్లాసు అటూ ఇటూ జరిపాడు. "ఆడలేదండి."

"ఈమధ్య ఆడలేదా?"

"కొన్నప్పటినుంచీ ఆడలేదండి. కరెంటు పెట్టలేదు."

"పాడైందా?"

"లేదండి. పెడితే వేడెక్కుతుందని."

ఆవిడ చేతిలో అట్లకాడ ఆగింది. ఆయన వైపు తిరిగి, జాలో ఆశ్చర్యమో తెలియని చూపు ఒకటి చూసింది. "నేను ఇంత పెనం పెట్టుకుని, పొయ్యి వెలిగించకుండా రోజూ తుడుచుకుంటూ కూర్చుని ఉంటే, మా ఆయన బతికుండగానే నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళేవాడు. నీ పెళ్ళాం ఏమీ అనదా?"

"నవ్వుతుందండి. పుట్టింట్లో."

"తెలివైన పిల్ల," అంది ఒబాచాన్. అట్టు తిరగేసింది. సాస్ పూసి ఆయన ముందుకు తోసింది. "తిను. చల్లారితే బాగుండదు."

కురామోచి తిన్నాడు. నాలుక కాలింది. ఇంటికి వెళ్ళేదాకా రైల్లో నాలుక పళ్ళకు రాసుకుంటూ కూర్చున్నాడు. చాలా ఏళ్ళుగా ఏదీ అంత వేడిగా తినలేదని అప్పుడు తోచింది. ఇంట్లో ఆయన సూపు చల్లారేదాకా సుమిఎ కూడా ఎదురుచూస్తుంది.

మర్నాడు బీరువా తెరిచాడు. బోర్డు బయటికి తీశాడు. దాని మీద ఉన్న ముక్కలన్నీ ఉంచి యంత్రంలో నిలబెడితే మళ్ళీ అదే కథ. ఊడదీయాలి. ఏళ్ళ తరబడి అతుక్కుని ఉన్న టేపు, బలవంతంగా లాగితే చిప్పును కూడా పీకేస్తుంది. గడ్డకట్టేంత చలిలో ఉంచితే టేపు పెళుసెక్కి వదిలేస్తుందని ఆయనకు తెలుసు. బోర్డుకు రెండు సంచులు తొడిగి ఫ్రీజర్‌లో పెట్టాడు.

సుమిఎ ఐసు కోసం ఫ్రీజర్ తెరిచి, చేపల పక్కన పడుకున్న వస్తువును చూసింది. "ఏంటండీ ఇది?"

"హీట్‌సింకులు ఊడదీద్దామని."

"చల్లబరచడానికి అతికించినవే కదా ఇవి?"

"అవును."

"ఊడదీయడానికి ఇంకా చల్లబరచాలా?"

"అవును."

సుమిఎ ఫ్రీజర్ మూసింది. ఈసారి పుట్టింటిదాకా ఆగలేకపోయింది. అక్కడే గట్టు పట్టుకుని నవ్వింది. కురామోచి మొదట బిగుసుకుపోయాడు. తర్వాత ఆయన పెదవి కూడా ఒకవైపు వంగింది. బోర్డు బయటికి తీసి తడి ఆరిపోయాక, ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఒక్కో ముక్కనూ మెల్లగా మెలితిప్పితే టక్ మని ఊడింది. ఆయన వెనకాడినచోట ఆవిడ తిప్పింది. ఒక చిప్పు మీద అచ్చు వేసిన అక్షరాలు టేపుతోపాటు లేచిపోయాయి. సంఘంవాళ్ళు చూస్తే గుండె ఆగేది. సుమిఎ ఆ ముక్కలన్నీ ఒక గిన్నెలో వేసి, "ఇవి కిటికీలో పూలకుండీల కింద పెట్టుకుంటా, నీళ్ళు నిలవకుండా" అంది. వాటికి దొరికిన మొదటి ఉద్యోగం అది.

శనివారం బోర్డు పట్టుకుని బెస్షో దగ్గరికి వెళ్ళాడు. షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్ళాడు.

బెస్షో కుర్చీలోంచి లేవలేదు. "మళ్ళీ ఏం తెచ్చావ్? ఏ యంత్రానికి మూడింది ఈసారి?"

"ఇది నాది. నీ దాంట్లో పెడదాం."

బెస్షో సంచి విప్పి చూశాడు. చిప్పులన్నీ నల్లగా, బోడిగా, ఉన్నవి ఉన్నట్టు ఉన్నాయి. "నీ బీరువాలోదా?"

"ఊ."

"దీనికి గదిలో నీ పక్కన దిండు కూడా వేస్తావని విన్నా."

"వేయలేదు. అనుకున్నా ఒకసారి."

బెస్షోకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూశాడు. "రాస్కెల్‌వి రా నువ్వు," అని లేచి స్క్రూడ్రైవర్ తెచ్చాడు.

యంత్రం వెనక తలుపు తీసి, టార్చి వేసి చూస్తుంటే, అడుగున ఒక మూల చిన్న ఫ్యాన్ కనిపించింది. తయారుచేసినవాళ్ళే పెట్టింది. లోపలి వేడిగాలి బయటికి పోవడానికి. దాని జాలీ మీద దుమ్ము దుప్పటిలా పేరుకుపోయి, రెక్కలు తిరగడం ఎప్పుడు మానేశాయో ఎవరికీ తెలియదు. కురామోచి దాన్ని చూస్తూ కూర్చుండిపోయాడు. ఆ చిప్పు వేడిని ఎన్ని రకాలుగా కొలవాలో ఆయనకు తెలుసు. ఫ్యాన్ తుడవాలని తోచలేదు. సంఘంలో ఎవరికీ తోచలేదు. తోచదు కూడా! పాత బ్రష్షుతో దుమ్ము దులపడానికి కొట్టుకెళ్ళి కొనాల్సిందేముంది? రంగు ఎంచుకోవాల్సిన పనేముంది? దాని మీద వర్గాలు ఎలా కడతారు?

బెస్షో బ్రష్షు తెచ్చాడు. దులిపారు. ఇద్దరికీ తుమ్ములొచ్చాయి. ఫ్యాన్ వేలితో తిప్పితే గీరుకుంటూ తిరిగింది, రెండు చుక్కల నూనె పడ్డాక హాయిగా తిరిగింది. బోర్డు బిగించారు.

"స్విచ్చి నువ్వే వెయ్యి," అన్నాడు బెస్షో.

కురామోచి వేశాడు. తెర మీద చెత్తంతా కనిపించింది, అర్థంలేని గీతలు, అక్షరాలు. గీతలు మాయమయ్యాయి. ఒక క్షణం నలుపు. తర్వాత బడి సంచులు నేలమీద పడేసి పరిగెత్తుకొచ్చిన రోజుల్లో వినిపించిన ఆ పాట మొదలైంది.

ఇద్దరూ కూర్చున్నారు. చెరొక నాణెం వేశారు. ఒకే బెంచీ, అప్పుడు సరిపోయిన ఇద్దరూ ఇప్పుడు చెరోవైపు సగం బయటికి వేలాడుతున్నారు. కురామోచి మొదటి స్టేజీలోనే, ఇంకా శత్రువులు సరిగ్గా రాకముందే, ఒక కొండకు గుద్దుకుని పోయాడు.

"కొండ కదలదు కదరా," అన్నాడు బెస్షో.

కురామోచి మళ్ళీ నాణెం వేశాడు. ఆడుతూ ఆడుతూ ఆయన ఎడమ చెయ్యి దానంతటదే యంత్రం వెనక్కి, చిప్పు వేడి చూడ్డానికి పోబోయింది. బెస్షో దాని మీద ఒకటి వేశాడు.

సంఘంలో ఈ వార్త తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇసోగై సెన్సేయి స్వయంగా ఫోన్ చేశాడు. ఎంతో మర్యాదగా, కురామోచి గారూ, మీకు ఇప్పుడు బోర్డు లేదని విన్నాం, నిజమేనా అని అడిగాడు.

"ఉంది సెన్సేయి. బజారులో అందరూ ఆడుతున్నారు."

"అయితే లేనట్టే," అన్నాడు సెన్సేయి బాధగా.

ఇలాంటి సంఘాన్ని ఎగతాళి చేయడం సులువు. కానీ నిజం నిజమే, ఒప్పుకుందాం. ఆ సభ్యుల బోర్డుల్లో ఇంతవరకు ఒక్కటి కూడా వేడికి పాడవలేదు. ఒక్కటి కూడా ఆటలో అరగలేదు. ఈమధ్య వాళ్ళు గాలి చొరని గాజుపెట్టెలు చేయించారట. కరెంటు తీగ వెళ్ళడానికి కూడా రంధ్రం లేదట, దుమ్ము వస్తుందని. బంగారు అంచు చీరలు బీరువాలో మడతల దగ్గర చిరిగేదాకా దాచే ఇళ్ళలో, పింగాణీ పళ్ళాలు చుట్టాలొస్తారని దాచి ఏ చుట్టానికీ పెట్టని ఇళ్ళలో పెరిగిన మనం వాళ్ళను చూసి నవ్వితే బాగుండదు. పాపం, హీట్‌సింక్‌దేముంది? అల్యూమినియం ముక్క. వేడి ఉన్నచోట పెడితే పనిచేస్తుంది. వేడి పుట్టనివ్వని మనుషుల చేతిలో పడటం దాని ఖర్మ.

కురామోచి ఇప్పుడు శనివారాలు తెంగాచాయాలో ఉంటాడు. అప్పుడప్పుడు సుమిఎ కూడా వస్తుంది. ఆవిడ రెండో రోజుకే ఆయన కంటే ముందుకెళ్ళింది. ఒక మధ్యాహ్నం ఆయన మూడో స్టేజీలో, జీవితంలో మొదటిసారి, ఇంకా బతికే ఉన్నాడు. వెనక చేపల కొట్టువాడు, చెప్పులు కుట్టేవాడు నిలబడ్డారు. బెస్షో పక్కన కూర్చుని ఐసు ముక్క నములుతూ, "ఒరేయ్ కురా, ఒకవేళ ఇది కూడా పోతే?" అని అడిగాడు.

ఏం చెడు జరగొచ్చో ఆయన కంటే బాగా చెప్పగలిగినవాళ్ళు ఒసాకాలో లేరు. తెర మీంచి కళ్ళు తీయకుండా కురామోచి ఆలోచించాడు.

"పోతుంది," అన్నాడు.

వెనక ఎవరో ఏప్రన్‌కు చేతులు తుడుచుకుంటున్నారు.

"ఎటూ పోయేదే అయితే, ముందు నువ్వు లే నాయనా," అంది ఒబాచాన్. "సాయంత్రం పొయ్యి వెలిగించాలి నేను."